పజిల్ గేమ్‌కి మన డేటాతో ఏం పని? అపోహలు - వాస్తవాలు

మొబైల్ పజిల్ గేమ్‌లు తయారుచేయడం నా పని. "రంగురంగుల బొమ్మలు కలిపే ఆటకి నా వివరాలెందుకు?" అని చాలామంది అడుగుతుంటారు. ఆట నడవడానికి వాటి అవసరం పెద్దగా లేదు. ఆట మధ్యలో వచ్చే యాడ్‌కే ఆ వివరాలు కావాలి.

అపోహ: ఏ పర్మిషన్ అడగలేదు కాబట్టి ఏ డేటా తీసుకోదు.

వాస్తవం: ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ వాడుకోవడానికి యాప్ మిమ్మల్ని అడగక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేయగానే ఆ అనుమతి దానంతటదే వచ్చేస్తుంది. ఇక యాడ్‌లతో నడిచే ఉచిత గేమ్‌లో మేం రాసిన కోడ్‌తో పాటు యాడ్ కంపెనీలు ఇచ్చిన కోడ్ కూడా ఉంటుంది. దాన్ని ఎస్‌డీకే అంటాం. అడ్వర్టయిజింగ్ ఐడీ (యాడ్‌ల కోసం ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు), ఫోన్ మోడల్, భాష, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) లాంటివి దాని ద్వారానే బయటికి వెళ్తాయి. మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో సుమారుగా తెలియడానికి ఐపీ అడ్రస్ చాలు.

ఆ తర్వాత జరిగేది యాడ్ చోటు కోసం వేలం. హింట్ కోసం మీరు చూసే యాడ్ లోడయ్యే కాసేపట్లో ఈ వివరాలు ఎంతోమంది కొనుగోలుదారుల ముందుకు వెళ్తాయి. ఎక్కువ ధర పాడిన వాళ్ల యాడ్ మీకు కనిపిస్తుంది. వేలంలో ఓడినవాళ్ల చేతికీ ఆ వివరాలు అందే ఉంటాయి. ఈ మొత్తం పద్ధతిలో నాకు బాగా అభ్యంతరం అనిపించేది ఇదే. 2025 జనవరిలో గ్రేవీ అనలిటిక్స్ అనే లొకేషన్ డేటా కంపెనీ నుంచి లీకైన ఫైళ్లలో క్యాండీ క్రష్‌తో సహా వేల యాప్‌ల పేర్లు కనిపించాయి. ఆ డేటాలో చాలా భాగం యాడ్ వేలాల దారిలోనే పోగై ఉంటుందని, గేమ్ తయారుచేసిన వాళ్లకి సైతం ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చని నిపుణులు చెప్పారు.

అపోహ: గేమ్‌లు రహస్యంగా మైక్ ఆన్ చేసి మన మాటలు వింటాయి.

వాస్తవం: మీరు మైక్ పర్మిషన్ ఇవ్వకపోతే మామూలు గేమ్ వినలేదు. ఇచ్చారంటే మాత్రం సంగతి వేరు. ఆల్ఫోన్సో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న గేమ్‌లు, టీవీలో ఏ యాడ్ వస్తోందో మైక్ ద్వారా గుర్తుపడుతున్నాయని 2017లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. పజిల్ ఆడటానికి మైక్, కాంటాక్ట్స్, లొకేషన్ ఏవీ అక్కర్లేదు. అడిగితే కుదరదనండి.

అపోహ: ఆటలో మన ప్రతి కదలికా గమనించడం నిఘాయే.

వాస్తవం: ఏ లెవెల్‌లో ఎక్కువమంది ఆగిపోతున్నారో తెలియకపోతే ఆటని సరిచేయలేం. అందుకు మీ పేరు, ఊరు తెలియాల్సిన పనిలేదు. కాకపోతే మీరు ఎక్కడ విసిగిపోయి డబ్బు పెట్టి లైఫ్‌లు కొంటారో కూడా అదే డేటా చెబుతుంది. అలా వాడటం నాకు తప్పుగానే అనిపిస్తుంది.

అపోహ: నెట్ ఆపి ఆడితే ఏమీ వెళ్లదు.

వాస్తవం: చాలా గేమ్‌లు మీ ఆట వివరాలు ఫోన్‌లోనే దాచిపెట్టి, నెట్ రాగానే పంపుతాయి.

అపోహ: అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ పోతాయి.

వాస్తవం: ఫోన్‌లో ఉన్నవి పోతాయి, సర్వర్‌లో ఉన్నవి పోవు. 2019లో వర్డ్స్ విత్ ఫ్రెండ్స్ అనే పదాల ఆట తయారుచేసే జింగా కంపెనీ హ్యాకైనప్పుడు 17 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు బయటపడ్డాయి. ఆట ఎప్పుడో మానేసినా అకౌంట్ అలాగే ఉంటే ఇలాంటి ప్రమాదం పోదు. అందుకే ముందు గేమ్ లోపలికి వెళ్లి అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

అపోహ: ప్లే స్టోర్‌లోని 'డేటా సేఫ్టీ' వివరాలన్నీ గూగుల్ స్వయంగా పరీక్షించి రాసినవి.

వాస్తవం: యాప్ ఏ డేటా తీసుకుంటుందో చెప్పే ఆ వివరాలు మాలాంటి డెవలపర్లు నింపే ఫారంలోవి. నిజం రాయాల్సిన బాధ్యత మాదే.

పిల్లలకి ఫోన్ ఇచ్చేవాళ్లకి ఒక మాట. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. వాళ్లని ట్రాక్ చేయడాన్ని, వాళ్లకి గురిపెట్టి యాడ్‌లు వేయడాన్ని చట్టం నిషేధించింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు మాత్రం దశలవారీగా జరుగుతుంది. ఈలోగా ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'యాడ్స్' అని వెతికి అడ్వర్టయిజింగ్ ఐడీని డిలీట్ చేయండి. ఐఫోన్‌లో 'ట్రాకింగ్' ఆపేయండి. ఐపీ అడ్రస్ అప్పటికీ వెళ్తుంది, కానీ ఒక గేమ్‌లో మీరు చేసిందాన్ని ఇంకో యాప్‌లో చేసిందానితో ముడిపెట్టడం వాళ్లకి బాగా కష్టమవుతుంది.