డేగ వంగుతుందా?

చిన్నారికి,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లీషులో స్టూప్ అంటే వంగడం అని బళ్లో చెప్పారు, పక్షుల పుస్తకంలోనేమో డేగ స్టూప్ చేసిందని ఉంది, ఆకాశంలో డేగ ఎలా వంగుతుంది తాతయ్యా అని అడిగావు. రెండు రోజులుగా నాకూ అదే ధ్యాస.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గది గుమ్మం బాగా పొట్టిది. మా తాత ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా తల, భుజాలు ముందుకు వంచేవాడు. లోపల ఎవరో పెద్దాయన ఉన్నాడు, ఆయనకు దణ్ణం పెడుతున్నాడు అనుకునేవాణ్ణి. తర్వాత నేనూ పొడుగయ్యాక తెలిసింది, ఆ వంగడం గుమ్మం కోసమని. అదే స్టూప్. గౌరవంతో వంగితే బౌ. మోకాళ్లు ముడిచి నక్కితే క్రౌచ్.

మాటలకూ చుట్టాలుంటారమ్మా. మన వంగు, వంచు, వంపు ఒకే ఇంటి పిల్లలని ముఖం చూస్తేనే తెలుస్తుంది కదా. స్టూప్‌ది వెయ్యేళ్లు దాటిన వయసు. పాత ఇంగ్లీషులో స్టూపియన్ అనేవారు. దాని దగ్గర చుట్టం ఎవరో తెలుసా? స్టీప్! ఇప్పుడు నిటారు వాలును అలా అంటున్నాం గానీ, ఆ మాటకు మొదట్లో ఎత్తైనది అనే అర్థం. చర్చి మీది శిఖరం, స్టీపుల్, దాని తోబుట్టువే. వంగేవాళ్లూ తలెత్తి నిలబడేవాళ్లూ ఒకే ఇంటివాళ్లు! న్యూయార్క్‌లో ఇంటి ముందు మెట్లనూ స్టూప్ అంటారు. అది మాత్రం డచ్చివాళ్ల ఇంటి నుంచి వచ్చింది. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

అబద్ధానికో మోసానికో ఒడిగట్టినా స్టూప్ అనే అంటారు. మనం దిగజారడం అంటాం. గుమ్మం దగ్గర ఎన్నిసార్లైనా వంగు తల్లీ, అలా మాత్రం వద్దు.

ఇక నీ డేగ. అది ఎక్కడో ఎత్తున తిరుగుతూ కింద ఎగిరే పిట్టను చూస్తుంది. రెక్కలు ఒంటికి ముడుచుకుని, తల కిందికి పెట్టి రాయిలా దిగుతుంది. పెరిగ్రిన్ డేగైతే ఆ దూకుడులో గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. డేగలతో వేటాడేవాళ్లు ఆ దిగడాన్నే స్టూప్ అన్నారు. ఆ ఎత్తూ, ఆ వాలూ, ఆ తల వంచడమూ అన్నీ ఒక్క దూకులో ఉన్నాయి చూడు.

ఇంతకంటే నేను చెప్పలేను. డాబా ఎక్కి ఆకాశం చూడు. డేగ కాకపోతే గద్దైనా కనిపిస్తుంది. గుండ్రంగా తిరిగినంతసేపూ ఓపిక పట్టు. రెక్కలు ముడిచేటప్పుడు మాత్రం రెప్ప వేయకు.

నీ తాతయ్య