కమిలితేనే పనిచేసినట్టా? స్టీలు బ్లేడు గొడవ వెనక కథ

తిరుపతిలో మళ్ళీ అదే వాదన. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినవాళ్ళకి పిక్కలు పట్టేస్తే కొందరు స్టీలు బ్లేడుతో (కోసేది కాదు, ఫిజియోలు వాడే మొద్దు అంచు పనిముట్టు) రుద్దించుకుంటున్నారు, కానీ రుద్దాక చర్మం కమలాలా వద్దా అన్న దగ్గరే తేడా. మొన్న మా పిన్నమ్మ పిక్క చూశాను, అరచెయ్యంత మేర వంకాయ రంగు. "కమిలితేనే లోపల పట్టు వదిలినట్టు" అని చెప్పి పంపారంట.

నూనె మర్దన, పుత్తూరు కట్టు, చైనావాళ్ళు పలకలాంటి దాంతో చర్మాన్ని గీకే గువా షా అందరికీ తెలిసినవే. అమెరికాలో డేవిడ్ గ్రాస్టన్ అనే ఆయన తన మోకాలి దెబ్బ కోసం ఈ పనిముట్లు తయారుచేసుకున్న కథా చాలామంది విన్నదే. నన్నడిగితే అసలు మలుపు ఎలుకల దగ్గరుంది.

ఇండియానా రాష్ట్రం మన్సీలోని బాల్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ఎలుకల మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌ని (కండని ఎముకకి కలిపే పట్టీని) ఇంజెక్షన్‌తో దెబ్బతీసి, తర్వాత పనిముట్టుతో రుద్ది చూశారు. గాయాన్ని పూడ్చే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు రుద్దినచోట పెరిగాయని 1997లో తేలింది. 1999లో 30 ఎలుకల మీద ఒత్తిడి మార్చి మార్చి చూస్తే, బాగా గట్టిగా రుద్దినవాటిలోనే ఆ కణాలు ఎక్కువ కనిపించాయి. ఎంత గట్టిగా రుద్దితే అంత మంచిదన్న నమ్మకానికి ఊతం ఇక్కడే దొరికిందని నా అభిప్రాయం. కానీ అక్కడ లెక్కపెట్టింది టెండన్‌లోని కణాల్ని. కమలడం అంటే చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లడం, అది వేరే సంగతి.

2009లో ఎలుకల మోకాలి లిగమెంట్ (ఎముకని ఎముకకి కలిపే పట్టీ) మీద చేసిన ఇంకో పరిశోధన ఉంది. రుద్దింది వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఒక్క నిమిషం, అంతే. నాలుగు వారాలకి రుద్దిన వైపు రుద్దని వైపుకన్నా 43 శాతం బలంగా ఉంది, 12 వారాలకి రెండు వైపులా దాదాపు సమానం. అంటే మానడం త్వరపడింది. చివరికి రెండూ సమానమయ్యాయన్న ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ఇక మనుషుల సంగతి, 2016లో ఏడు ట్రయల్స్‌ని కలిపి చూస్తే ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు, కీలు కదలిక కొన్నాళ్ళు మెరుగుపడిందన్నంత వరకే ఆధారం దొరికింది.

గట్టిగా రుద్దేవాళ్ళు పేషెంట్లే అలా అడుగుతారంటారు, అదీ నిజమే.

నేను చూసిన ఒక ఫిజియో మాత్రం క్రీము రాసి, బ్లేడు ఏటవాలుగా పట్టి, మెల్లగా జరుపుతూ పోతుంది. పట్టేసిన చోట బ్లేడు కింద గరగరలాడినట్టు చేతికే తెలుస్తుందట. చర్మం ఎర్రబడగానే ఆపేసి, వెంటనే మడమలెత్తి దించే ఎక్సర్‌సైజు చేయిస్తుంది, ఎందుకంటే కండకి బలం వచ్చేది దాంతోనే. మొదలుపెట్టే ముందు షుగరుందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతుంది.

మా పిన్నమ్మ ఆ మాత్రలు మూడేళ్ళుగా వేసుకుంటోంది. ఆ రోజు అక్కడ ఆ మాట ఎవరూ అడగలేదంట.