గుండె లోపంతో పుట్టిన బిడ్డకు ఎంత ఆక్సిజన్? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నవజాత శిశువుల ఐసీయూలో పనిచేస్తాను. గుండె ఆపరేషన్ అవసరమైన పిల్లల్ని హైదరాబాద్ పంపేదాకా వాళ్ల ఊపిరి చూసుకునేది మేమే. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాల నుంచి, అప్పుడప్పుడు వైద్య సిబ్బంది నుంచీ వినే మాటలివి.

అపోహ: సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

"సార్, 80 ఏ చూపిస్తంది, ఇంకింత ఆక్సిజన్ పెట్టుండ్రి" అని తండ్రి అడిగితే తప్పేముంది? కరోనా అప్పుడు 94 దాటి కిందికి పడితే ఆస్పత్రికి రమ్మన్నది మనమే కదా. కానీ కొందరు పిల్లల గుండెలో ఒక్క గదే ఊపిరితిత్తులకూ, ఒంటికీ రక్తం పంపాలి. రెండు తూములున్న చెరువు అనుకోండి. ఒక తూము మొత్తం ఎత్తేస్తే రెండోదాని కింది పొలం ఎండుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు వదులై రక్తమంతా అటే పోతుంది. మానిటర్ మీద 95 ఉంటుంది, అందరికీ సంతోషం. పేగులకు, కిడ్నీలకు మాత్రం రక్తం చాలదు. మూత్రం తగ్గుతుంది, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో చేరే పదార్థం) పెరుగుతుంది. అందుకే ఇలాంటి పిల్లల్లో సాచురేషన్ సాధారణంగా 75 - 85 మధ్య చాలనుకుంటాం. చాలాసార్లు మామూలు గాలి, అంటే 21 శాతం ఆక్సిజనే సరిపోతుంది. ఈ అంకె అన్ని గుండె జబ్బులకూ కాదు, పక్క మంచం బిడ్డతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

అపోహ: కార్బన్ డయాక్సైడ్ చెడు గాలి, వెంటిలేటర్‌తో వీలైనంత తీసేయాలి.

ఇది చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. అది మరీ తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఊపిరితిత్తులవి తెరుచుకుంటాయి. పైన చెప్పిన బిడ్డకు ఆ రెండూ నష్టమే. అందుకే వెంటిలేటర్ రేటు అనవసరంగా పెంచం. ఆపరేషన్ థియేటర్‌లో సంగతి ఇంకా వింత. ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మెషీన్ మీద ఒంటిని 18 - 20 డిగ్రీలకు చల్లబరిచే ఆపరేషన్లలో చాలా చోట్ల కార్బన్ డయాక్సైడ్‌ను కావాలనే కలుపుతారు. చల్లటి రక్తంలో అది ఎక్కువగా కరిగి దాని ఒత్తిడి పడిపోతుంది. కలిపితే మెదడుకు రక్తం బాగా అంది, మెదడంతా ఒకే తీరుగా చల్లబడుతుంది.

అపోహ: నైట్రిక్ ఆక్సైడ్ (ఊపిరితిత్తుల నాళాలను వదులు చేసే వాయువు) పెడితే ఏ గుండె బిడ్డయినా తేరుకుంటుంది.

ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుపోతే పనికొస్తుంది, అదీ సాధారణంగా 20 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 20) వరకే. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం వచ్చే దారే మూసుకుపోతే దీనితో ఊపిరితిత్తుల్లో నీరు చేరి పరిస్థితి ఇంకా దిగజారొచ్చు. అక్కడ ఆపరేషనే దారి.

అపోహ: అంబులెన్స్‌లో ఆక్సిజన్ ఫుల్లుగా పెడితే సేఫ్.

పుట్టినప్పుడు తెరిచి ఉండే డక్టస్ అనే చిన్న నాళం మీదే కొందరు పిల్లల ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆక్సిజన్ దాన్ని మూసే వైపు నెడుతుంది. తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెడతాం. ఆ మందుతో ఒక్కోసారి ఊపిరి ఆగిపోతుంది కాబట్టి బయలుదేరే ముందే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాల్సి రావచ్చు. ట్యూబ్ చూసి "ఆశలు లేవా సార్" అని ఏడ్చేవాళ్లున్నారు. అది దారిలో జాగ్రత్త కోసం, అంతే. అలాగని ఇది చదివి ఎవరూ మాస్కు తీసేయకండి. జబ్బేంటో తెలియక ముందు, ఊపిరి ఆడని బిడ్డకు ఊపిరి అందించడమే మొదటి పని.

రిఫరల్ కాగితం మీద మూడు రాశారో లేదో అడగండి: కుడిచేతి సాచురేషన్, కాలి సాచురేషన్, అవి ఎంత శాతం ఆక్సిజన్ మీద చూసినవో. మూడోది చాలా కాగితాల్లో ఉండదు.