డచ్‌మన్ బంగారు గని: కొన్ని అపోహలు, రాళ్లు చూసేవాడి వాస్తవాలు

అమెరికాలోని అరిజోనాలో రాగి గనుల కోసం తీసే డ్రిల్ కోర్లు, అంటే నేలలోకి డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలు, చూడ్డం నా పని. ఫీనిక్స్‌లో ఉండే మనవాళ్లు ఎవరు సూపర్‌స్టిషన్ కొండలకి హైకింగ్ వెళ్లినా రాత్రికి నాకు ఫోటో వస్తుంది, "అన్నా ఇందులో ఏదో మెరుస్తోంది, ఆ డచ్‌మన్ గనిదేనా" అని. డచ్‌మన్ అని పిలిచే ఒకతనికి ఆ కొండల్లో రహస్య బంగారు గని ఉండేదని, అది ఇప్పటికీ ఎవరికీ దొరకలేదని అక్కడో కథ ఉంది.

అపోహ: ఆ డచ్‌మన్ డచ్చి దేశస్థుడు.
కాదు, జాకబ్ వాల్ట్జ్ జర్మన్. జర్మన్లు తమని చెప్పుకునే డాయిచ్ అన్న మాట అక్కడి జనం నోట్లో డచ్ అయిపోయింది, అంతే. 1891 అక్టోబర్‌లో ఫీనిక్స్‌లో తనని చూసుకున్న జూలియా థామస్ అనే ఆవిడ ఇంట్లో చనిపోయాడు, మంచం కింద పెట్టె నిండా బంగారు రాళ్లు ఉన్నాయంటారు. మరుసటేడు ఆమే కొండలెక్కి వెతికి ఉత్త చేతుల్తో వచ్చింది.

అపోహ: అంతకుముందు పెరాల్టాలనే మెక్సికో కుటుంబం ఆ గని తవ్వింది, 1848లో అక్కడి ఆదివాసులైన అపాచీలు వాళ్లని చంపేశారు.
ఆ కాలపు రికార్డు ఒక్కటీ లేదు. పెరాల్టా పేరుని అరిజోనాలో మోగించింది జేమ్స్ రీవిస్, దొంగ దస్తావేజులతో అక్కడి పెద్ద భూభాగం నాదే అని 1896లో జైలుకెళ్లినవాడు. ఆ పేరు అక్కణ్ణుంచే కథలోకి దూరిందని నా డౌటు.

అపోహ: అవి అగ్నిపర్వతం కొండలు, అసలు బంగారమే ఉండదు.
ఇది మా జియాలజిస్టులే పుట్టించిన సగం అబద్ధం. ఆ కొండలు చాలావరకు సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి బూడిద, లావా, నిజమే. కానీ పక్క రాష్ట్రం నెవాడాలో అలాంటి రాళ్లలోనే బోలెడు బంగారం తీశారు. చూడాల్సింది వేడినీళ్లు పగుళ్లలో తిరిగిన గుర్తులు: తెల్లటి క్వార్ట్జ్ (పలుగురాయి) చారలు, మట్టిలా మెత్తబడ్డ రాయి, తుప్పు మరకలు. మన రామగిరిలో, కోలార్‌లో పాతకాలపు రాళ్లలో ఉన్నవీ ఆ క్వార్ట్జ్ చారలే. సూపర్‌స్టిషన్ కొండల లోపల అవి చాలా తక్కువ, కానీ పడమటి అంచున గోల్డ్‌ఫీల్డ్‌లో 1892లో నిజంగానే బంగారం దొరికింది, వాల్ట్జ్ పోయిన ఏడాదికే!

ఇంకో థియరీ ఏంటంటే వాల్ట్జ్‌కి గనే లేదు, అరిజోనాలోనే వికెన్‌బర్గ్ ఊరి దగ్గర 1863లో దొరికిన వల్చర్ గని నుంచి మంచి ముక్కలు ఎవరో టిఫిన్ డబ్బాలో దాచి తెస్తే అవి ఇతని దగ్గరికి చేరాయని. గనుల్లో ఈ చేతివాటం కొత్తేం కాదు కాబట్టి నాకు ఇది నమ్మబుద్ధేస్తుంది. బంగారంలో వెండి పాళ్లు చూసి ఏ గనిదో పోల్చొచ్చు కానీ, ఆ రాయి వాల్ట్జ్ పెట్టెలోదే అని సంతకం పెట్టేదెవరు?

అపోహ: మెరిస్తే బంగారమే.
మొన్న మా పిన్ని కొడుకు జేబులోంచి తీసిన రాయిలో పసుప్పచ్చటి రేకులు. గోరుతో గీకితే పొరలా లేచొచ్చింది, అభ్రకం, ఎండకీ వానకీ రంగు తిరిగింది. గూడూరు వాడై ఉండి అభ్రకం గుర్తుపట్టలేదేంట్రా అని నవ్వా. బంగారమైతే సుత్తి దెబ్బకి సాగుతుంది, బంగారంలా మెరిసే ఇనుప ఖనిజం పైరైట్ అయితే పొడైపోతుంది.

అపోహ: దొరికితే మనదే.
ఆ కొండలు వైల్డర్‌నెస్, అంటే ప్రభుత్వం కాపాడే అడవి ప్రాంతం; 1984 నుంచి అక్కడ కొత్త మైనింగ్ క్లెయిములు (తవ్వుకునే హక్కులు) ఇవ్వట్లేదు, పర్మిషన్ లేకుండా తవ్వితే కేసే. పైగా ప్రాణాలకే ముప్పు: 1931లో ఆ గని కోసం మ్యాపు పట్టుకుని వెళ్లిన అడాల్ఫ్ రూత్ పుర్రె దొరికింది, 2010 జూలైలో యూటా నుంచి వచ్చిన ముగ్గురు తిరిగెళ్లలేదు. అందుకే ఎండాకాలం ఫోటో వస్తే రాయి సంగతి తర్వాత, ముందు నీళ్లు ఎన్ని లీటర్లు ఉన్నాయ్ అనడుగుతా.