నరం చివర పొట్లాలు: బెర్నార్డ్ కాట్జ్ పరిశోధన వెనుక కథ

1933లో జర్మనీలోని లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో గార్టెన్ బహుమతి బెర్నార్డ్ కాట్జ్ అనే వైద్య విద్యార్థికి రావాల్సింది. అతను యూదుడు కాబట్టి ఇవ్వడం కుదరదని ప్రొఫెసర్ గిల్డెమైస్టర్ అందరి ముందూ ప్రకటించారు. డబ్బు మాత్రం చాటుగా అతని చేతిలో పెట్టారు. హిట్లర్ పాలనలో తనకు చోటు లేదని కాట్జ్‌కు అర్థమైంది. 1934లో వైద్య పట్టా పుచ్చుకుని, 1935 ఫిబ్రవరిలో ఏ దేశ పౌరసత్వమూ లేకుండా ఇంగ్లండ్ చేరాడు. నాజీలను బాహాటంగా ఎదిరించిన శాస్త్రవేత్త ఏ.వి. హిల్, లండన్ యూనివర్సిటీ కాలేజీలోని తన ల్యాబ్‌లో చేర్చుకున్నారు. ఆ రోజు హిల్ ఆ తలుపు తెరవకపోతే ఈ కథ వేరేలా ఉండేది.

అప్పటికే శాస్త్రవేత్తల మధ్య ఒక పెద్ద తగాదా నడుస్తోంది. నరం నుంచి కండరానికి కబురు వెళ్లేది కరెంటు రూపంలోనా, రసాయనం రూపంలోనా? 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండెను ముంచిన ద్రవాన్ని ఇంకో గుండెకు ఎక్కిస్తే అదీ నెమ్మదించింది. 1936లో లండన్‌లో హెన్రీ డేల్ బృందం కండరాలకు వెళ్లే నరాల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడుతుందని చూపించింది. అయినా జాన్ ఎకిల్స్ లాంటివాళ్లు ఒప్పుకోలేదు. మిల్లీసెకన్లలో జరిగే పని రసాయనం వల్ల ఎలా అవుతుందన్నది వాళ్ల వాదన. 1939లో కాట్జ్ సిడ్నీలో ఆ ఎకిల్స్ ల్యాబ్‌లోనే చేరాడు. తర్వాత యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారిగా పనిచేసి, 1946లో హిల్ పిలుపు మీద లండన్ తిరిగొచ్చాడు.

అసలు ఘట్టం అక్కడే మొదలైందని నేను అనుకుంటాను. పాల్ ఫ్యాట్‌తో కలిసి కప్ప కండరంలోని ఒక్క పోగులోకి సన్నటి గాజు ఎలక్ట్రోడ్ దింపాడు. నరాన్ని కదిలించలేదు, కండరం విశ్రాంతిగానే ఉంది. అయినా స్క్రీన్ మీద గీత ఊరుకోలేదు. సుమారు సగం మిల్లీవోల్టు ఎత్తున బుడిపెలు ఒక వరస లేకుండా వచ్చిపోతున్నాయి. ఇలాంటివి కనబడితే ఎవరైనా ముందు వైర్లనే అనుమానిస్తారు. వీళ్లు వదల్లేదు. నరం ఆనే చోటు నుంచి ఎలక్ట్రోడ్‌ను దూరం జరిపితే బుడిపెలు మాయమయ్యాయి. కండరం మీద ఎసిటైల్‌కోలిన్ పనిచేయకుండా అడ్డుకునే క్యురారే అనే విషం వేస్తే అణిగిపోయాయి. ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపితే పెద్దవయ్యాయి. నరం తనంతట తాను రసాయనాన్ని వదులుతోందన్నమాట. 1950లో రాసిన చిన్న నోట్‌లో దీన్ని బయలాజికల్ నాయిస్ (జీవకణాల్లో పుట్టే చిన్నపాటి అలజడి) అనే పిలిచారు.

ఆ ఎంజైముతో మన రైతులకూ సంబంధం ఉంది. ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు ఒంట్లోకి వెళ్తే సరిగ్గా దాన్నే పనిచేయకుండా చేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట్లో చొంగ కారుతుంది, కంటిపాపలు చిన్నవవుతాయి, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆగే ప్రమాదం వస్తుంది. ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని తగ్గించే అట్రోపిన్‌ను ఆస్పత్రిలో వెంటనే ఎక్కించేది అందుకే.

1954లో కాట్జ్, డెల్ కాస్టియో ఇంకో అడుగు వేశారు. కండరం చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచి నరాన్ని ప్రేరేపించారు. స్పందన ఒక్కోసారి ఒక బుడిపె అంత, ఒక్కోసారి రెండు, మూడు బుడిపెలంత. ఒక్కోసారి ఏమీ లేదు. ఒకటిన్నర మాత్రం రాలేదు. కొట్లో ముందే తూచి కట్టిపెట్టిన పొట్లాల్లా రసాయనం వెలువడుతోందని అలా తేలింది. ఒక్కో పొట్లంలో వేల అణువులు ఉంటాయి. దాదాపు అదే సమయంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నరాల చివర సూక్ష్మమైన తిత్తులు కనబడటంతో ఆ లెక్కకు రూపం దొరికింది. 1960ల్లో రికార్డో మిలెడితో కలిసి, ఆ తిత్తులను విప్పేది నరం చివరలోకి వచ్చే కాల్షియమేనని కాట్జ్ చూపించాడు.

1970లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జూలియస్ ఆక్సెల్‌రాడ్‌లతో కలిసి నోబెల్ వచ్చింది. ఆ తర్వాతా కాట్జ్ నాయిస్‌ను వదల్లేదు. ఆ అలజడిని లెక్కగట్టి కణం పొరలో ఉండే సన్నటి దారి లాంటి ఒక్కో ఛానెల్ గుండా ఎంత కరెంటు పోతుందో అంచనా వేశాడు. అప్పట్లో అతని ల్యాబ్‌లో పనిచేసిన బెర్ట్ సాక్‌మన్, తర్వాత ఎర్విన్ నేయర్‌తో కలిసి ఒకే ఛానెల్ కరెంటును నేరుగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1991లో వాళ్లకూ నోబెల్ వచ్చింది.

కాల్షియం రాగానే తిత్తి ఎలా తెరుచుకుంటుందన్న ప్రశ్నకు జవాబు తర్వాతి తరం ఇచ్చింది. తిత్తి పొరను, కణం పొరను దగ్గరికి లాగి కలిపే ప్రోటీన్లను జేమ్స్ రాత్‌మన్ బృందం గుర్తించింది. కాల్షియం వచ్చిందని పసిగట్టే సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ పనిని థామస్ స్యూడాఫ్ తేల్చాడు. ర్యాండీ షెక్‌మన్‌తో పాటు వీళ్లకు 2013లో నోబెల్ దక్కింది. కాట్జ్ 2003లోనే కన్నుమూశాడు.

ధనుర్వాతం, బొటాక్స్ రెండింటి గుట్టూ ఈ ప్రోటీన్లలోనే ఉంది. ధనుర్వాతం విషం సినాప్టోబ్రెవిన్ అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుందని 1992లో తెలిసింది. వెన్నుపాములో కండరాలు అతిగా బిగుసుకోకుండా అదుపులో పెట్టే నరకణాలు దానితో రసాయనం వదల్లేవు, అందుకే ఒళ్లు విల్లులా బిగుసుకుంటుంది. బొటాక్స్‌లోని విషం కండరం దగ్గరే అలాంటి ఇంకో ప్రోటీన్‌ను తెంచుతుంది. ఎసిటైల్‌కోలిన్ రాక ఆగిపోయి కండరం సడలిపోతుంది.