దసరాకు లారీ ఇంజన్ కడిగే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. దసరా దగ్గర పడింది. ఆయుధపూజకు ముందు లారీ ఉన్న ప్రతి ఇంటి దగ్గరా కడగడం మొదలవుతుంది. నాన్న క్యాబిన్ ఎత్తుతాడు, మీరు పైపు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. బాడీ, టైర్లు, అద్దాలు మీ ఇష్టం వచ్చినట్టు కడగండి. ఇంజన్ దగ్గరికి వస్తేనే నాకు టెన్షన్. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి డీజిల్ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, పైపు తిప్పే ముందు నా మాట కొంచెం వినండి.

ఇంజన్ కడిగేది మెరవడానికి కాదు, కారుతున్న చోటు కనపడటానికి. ఆయిల్ సీలు దగ్గరో, డీజిల్ పైపు జాయింటు దగ్గరో కొద్దికొద్దిగా చెమర్చినా రోడ్డు దుమ్ము దానికి అతుక్కుని మడ్డి కడుతుంది. ఆ మడ్డి కింద కొత్త లీకు మొదలైనా ఎవరికీ తెలియదు. బరువుతో ఘాట్ ఎక్కుతున్న లారీలో టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) వేడి 500 డిగ్రీలు దాటుతుంది. పక్కన డీజిల్ తడి, దాని మీద వరిగడ్డి పోచలు, పొట్టు పేరుకుని ఉంటే మంట పుట్టడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. అందుకే శుభ్రం చేసే ముందు టార్చి వేసి బాగా చూడండి. మడ్డి ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ తడిగా ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కడిగేశాక ఆ ఆనవాళ్ళు ఉండవు.

"మా తాత కాలంలో కాలవలో దింపి మరీ కడిగేవాళ్ళట, ఇంజన్‌కేం కాలేదట" అని మీలో ఎవరైనా అనవచ్చు. నిజమే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని దాదాపు 16 నుంచి 18వ వంతు చోటులోకి నొక్కేస్తే అది ఎంత వేడెక్కుతుందంటే, అందులో చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ మూలసూత్రం అదే. పాత లారీల్లో డీజిల్ పంపు కూడా పూర్తిగా ఇనుప యంత్రమే, అందులో నీళ్ళు పాడుచేయడానికి కరెంటు సామాను పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడలా కాదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) లారీలో ఇంజన్ చుట్టూ సెన్సార్లు, వాటి సాకెట్లు, అన్నిటినీ నడిపే ఈసీఎం అనే కంప్యూటరు పెట్టె ఉంటాయి. ఒక సాకెట్‌లోకి తేమ చేరినా డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, కొన్నిసార్లు బండి పికప్ పడిపోతుంది. అందుకే ఒత్తిడితో నీళ్ళు చిమ్మే వాటర్ సర్వీసింగ్ గన్‌తో ఇంజన్ మీద కొట్టించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇక పని. బండి చదునైన చోట ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టైర్లకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టాలి. క్యాబిన్ ఎత్తడం పెద్దల పని. వందల కిలోల బరువు అది. పూర్తిగా ముందుకు వాలి, లాకు పడిందని నాన్న చేత్తో చూసి చెప్పేదాకా మీ తల కూడా దాని కిందకు వెళ్ళకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణే అనుకోండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. కాలుతున్న పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే బీట ఇవ్వవచ్చు. రేడియేటర్ మూత వేడి మీద తిప్పారంటే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది. బండి ఆపి తాళంచెవి తీసిన వెంటనే బ్యాటరీ విప్పకండి. కొత్త బండ్లలో పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణాన్ని పైపులోంచి వెనక్కి లాగేసే పంపు ఇంకొన్ని నిమిషాలు తిరుగుతుంది. అది ఆగాక ముందుగా ఎర్త్ (నెగటివ్) టెర్మినల్ విప్పాలి. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఉంటుంది, ఇనుప స్పానర్ అడ్డం పడితే పెద్ద మెరుపే వస్తుంది. తర్వాత బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఇంజన్ స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్, ఈసీఎం, ఫ్యూజు బాక్సు, ఎయిర్ ఫిల్టర్‌కు గాలి వెళ్ళే నోరు, అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. చిన్న చేతులకు తగిన పని ఇది, మీరే చేయండి.

నీళ్ళ కంటే ముందు పొడి పని. చెక్క గరిటె ముక్కతో మడ్డి గీకి, పాత బ్రష్‌తో రుద్ది, వేస్ట్ కాటన్‌తో తుడవండి. సగానికి పైగా జిడ్డు ఇక్కడే పోతుంది. మిగిలినదానికి నీళ్ళలో కలిపే డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) గానీ సర్ఫు నీళ్ళు గానీ బ్రష్‌తో పూయండి. కిరసనాయిలో డీజిలో స్ప్రే చేసే అలవాటు ఇంకా ఉంది, అది మానిపించండి. ఆ తుంపరకు తేలిగ్గా మంట అంటుకుంటుంది, పైగా రబ్బరు పైపులు ఉబ్బిపోతాయి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. తర్వాత చెంబుతోనో, తోటపైపు సన్నని ధారతోనో కడిగేయండి.

రేడియేటర్ సంగతి వేరే చెప్పాలి. ఫ్యాన్ ముందు నుంచి గాలి లాగుతుంది కాబట్టి చెత్త ముందువైపే ఇరుక్కుంటుంది. ముందు నుంచి నీళ్ళు కొడితే ఇంకా లోపలికి పోతుంది, ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. కోతల కాలంలో తిరిగిన లారీలో రేడియేటర్‌కూ ఇంటర్‌కూలర్‌కూ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) మధ్య పొట్టు మెత్తలా పట్టేసి ఉంటుంది. రేకులు చాలా పలచన, ధార గట్టిగా తగిలితే వంగి గాలిదారి మూసుకుంటుంది.

కడిగిన నూనె నీళ్ళు కాలవలోకీ బావి వైపుకీ పోనివ్వకండి. కింద ఇసుకో ఊకో పరిచి, తర్వాత ఎత్తి గోనెలో కట్టండి. కూలెంట్ నేల మీద పడితే వెంటనే తుడిచేయాలి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

గాలిపైపుతో సాకెట్లు ఆరబెట్టాక, కవర్లన్నీ తీశారో లేదో లెక్కపెట్టి, నాన్నను స్టార్ట్ చేయమనండి. తిరుగుతున్న ఇంజన్‌ను దూరం నుంచే చూడాలి. డీజిల్ లీకు కోసం ఎవరూ చేత్తో తడమకూడదు. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉంటే, ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ పైపులో డీజిల్ ఒత్తిడి 1600 బార్లు దాటుతుంది. కంటికి కనపడని సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన సూదిగుచ్చినంత మచ్చే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు.

ఆ రాత్రి ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి పడుకోండి. తెల్లారాక నల్లని మచ్చ ఉంటే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చో గులాబీ రంగో ఉంటే కూలెంట్, వాసనను బట్టి డీజిల్ తెలిసిపోతుంది. మచ్చ చుట్టూ పెన్నుతో గీసి, దానికి సరిగ్గా పైన ఏ భాగం ఉందో నాన్నకు చూపించండి. నిన్నటి ఫొటోలు కూడా పక్కన పెట్టి చూపిస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య