తట్టు, ఎంఆర్ టీకా: మా పల్లెల్లో వినే అపోహలు, అసలు సంగతులు

ఆదోని వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తాను. మిగతా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి ఏ బిడ్డకు ఏ డోసు మిగిలిందో చూసుకుంటాను. తట్టు గురించి, దాని టీకా గురించి తల్లులు, అవ్వలు, ఈ మధ్య ఫోన్‌లో వీడియోలు చూసే నాన్నలు అనే మాటలు ఇక్కడ రాస్తున్నాను. టీకా పడని బిడ్డల ఇళ్లకు వెళ్తే, ససేమిరా వద్దనేవాళ్లు నాకు తక్కువగానే ఎదురయ్యారు. భయంతో వాయిదా వేసినవాళ్లు, కూలి కోసం ఊరు విడిచినవాళ్లు, ఒక్క సూదితో అయిపోయిందనుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే ఇందులో ఎవరినీ నిందించే ఉద్దేశం లేదు.

అపోహ: "తొమ్మిదో నెలలో వేయించినాం కదా, ఇంక అయిపోయింది."

మా దగ్గర ఎక్కువమంది బిడ్డలు జారిపోయేది ఇక్కడే. ప్రభుత్వ షెడ్యూల్‌లో ఎంఆర్ టీకా (మీజిల్స్ అంటే తట్టు, దానితో పాటు రుబెల్లా అనే మరో వైరస్ జబ్బు, రెండింటికీ కలిపి ఒకటే టీకా) రెండుసార్లు వేయాలి. మొదటిది 9 నెలలు నిండాక, ఏడాదిలోపు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తొమ్మిదో నెలలో మొదటి డోసు వేసిన వంద మంది బిడ్డల్లో దాదాపు 85 మందికి రక్షణ వస్తుంది, మిగిలిన 15 మందికి రాదు. అలాగని మందు మంచిది కాదని అనుకోవద్దు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ కొంతమంది బిడ్డల్లో అప్పటికీ కాస్త మిగిలి ఉండి, టీకాను పూర్తిగా పనిచేయనివ్వదు. ఏ బిడ్డకు రక్షణ వచ్చిందో, ఎవరికి రాలేదో పైకి చూస్తే తెలియదు. రెండో డోసు కూడా పడితే వందలో 97 మంది దాకా రక్షణలోకి వస్తారు.

పదిహేను మందే కదా అనిపించవచ్చు. కానీ మనకు తెలిసిన అంటుజబ్బుల్లో తట్టు అంత వేగంగా అంటుకునేవి చాలా అరుదు. జబ్బున్న బిడ్డ దగ్గి బయటికి వెళ్లిపోయినా ఆ గది గాలిలో రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. రక్షణ లేని పది మంది జబ్బు మనిషి దగ్గర మసలితే తొమ్మిది మందికి వస్తుంది. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. ఏటా పుట్టే బిడ్డల్లో కొందరు ఒక్క డోసుతోనే ఆగిపోతుంటారు. అసలు టీకాయే పడనివాళ్లు వీళ్లకు తోడవుతారు. అలా నాలుగైదేళ్లు గడిచేసరికి జబ్బు రావడమే ఆలస్యం అన్నట్టు వీధి నిండా పిల్లలు పోగవుతారు. నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలని మేం పట్టుబట్టేది ఇందుకే.

మా వైపు దీనికి సుగ్గి, అంటే కూలి కోసం వలస పోవడం, తోడవుతుంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లలో పంటలు అయిపోయాక మిరప కోతలకని గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి. ఇంటి దగ్గర ముసలివాళ్లు ఉంటారు, లేదంటే తాళం ఉంటుంది. చాలామంది మళ్లీ ఉగాదికే వస్తారు. తొమ్మిదో నెలలో నా దగ్గర సూది వేయించుకున్న బిడ్డ పదహారో నెలకు ఎక్కడో మిరప చేను పక్కన గుడారంలో ఉంటుంది. తట్టు ఎక్కువగా తిరిగేది కూడా చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకానే. ఊరూరి పిల్లలు ఒకే గుడారంలో పక్కపక్కన పడుకుంటే, ఒకరికి వచ్చిన జబ్బు మిగతావాళ్లకు అంటడానికి ఎంతో సమయం పట్టదు. పండక్కి ఇంటికొచ్చేటప్పుడు అది ఊళ్లోకీ వస్తుంది.

సుగ్గికి పోయే తల్లులకు నేను ప్రతిసారీ చెప్పేది ఇదే. తల్లీబిడ్డల కార్డును ఆధార్ కార్డులతో పాటు సంచిలో పెట్టుకోండి. బిడ్డకు 16 నెలలు నిండి ఉంటే వేయించుకునే బయల్దేరండి. అక్కడికి పోయాక నిండితే ఆ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడగండి. ఏ ఊరి బిడ్డకైనా ఏ ఊళ్లోనైనా ఉచితంగా వేస్తారు.

అపోహ: "అమ్మవారు పోసింది. సూదులు, మందులు వాడితే అమ్మకు కోపం వస్తుంది."

అవ్వలతో నేను వాదన పెట్టుకోను. వాకిట్లో వేపమండ కడితే నష్టం లేదు. బయటివాళ్లను లోపలికి రానివ్వకపోవడం నిజానికి చాలా మంచి పద్ధతి. ఒక్క చిక్కు ఏమిటంటే, ఒంటి మీద దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఆ బిడ్డ ఇతరులకు అంటిస్తూ ఉంటుంది. కనిపించిన తర్వాత ఇంకో నాలుగు రోజులు అంటిస్తుంది. ఇంటికి వేప కట్టే సమయానికే పక్కింటి పిల్లలకు పాకి ఉండవచ్చు.

ఇంకో సంగతి. అమ్మవారు అని మనం అనేవాటిలో వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. నీటి పొక్కుల్లా లేస్తే అది చాలావరకు ఆటలమ్మ. తట్టు అలా మొదలవదు. ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం ఉంటాయి. ఆ తర్వాత చెవుల వెనక, నుదుటి దగ్గర ఎర్రటి దద్దు మొదలై మొహం మీదికి, ఛాతీ మీదికి, కాళ్లకు దిగుతుంది.

ప్రమాదం వచ్చేది తిండి తగ్గించడంతో, చూపించకుండా దాచడంతో. తట్టు వచ్చిన బిడ్డకు రోజువారీ కంటే ఎక్కువసార్లు తిండి, పాలు, నీళ్లు కావాలి. గుడ్డు పెట్టకూడదు, పప్పు పెట్టకూడదు అని చప్పిడి గంజి మీద ఉంచితే ముందే బక్కగా ఉన్న బిడ్డ ఇంకా నీరసపడిపోతుంది. తట్టు బిడ్డలు చనిపోయేది ఎక్కువగా దద్దుతో కాదు, దాని వెంట వచ్చే న్యుమోనియాతో, విరేచనాలతో. కొంతమందికి కంటిచూపు పోతుంది. ఆ కళ్లను కాపాడేది విటమిన్ ఏ. ఏడాది దాటిన బిడ్డకు 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలల బిడ్డకు లక్ష యూనిట్లు, రోజుకొకసారి చొప్పున రెండు రోజులు తాగించాలి. అది మేం కొలిచి ఇచ్చే మందు, సొంతంగా కొని పోయకండి. టీకాకు బదులుగా కూడా అది పనిచేయదు.

"సూదేస్తే అమ్మ ఊరుకోదు నర్సమ్మా" అన్న అవ్వతో, "సూది వేయను అవ్వా, చెంచాతో మందు తాగిస్తా, అంతే" అంటే చాలామంది ఒప్పుకుంటారు. పూజ మీ ఇష్టం. నాకు మాత్రం కబురు చేయండి. జ్వరంతో పాటు దద్దు ఉందని తెలిస్తే పరీక్షకు రక్తం తీయిస్తాం, చుట్టుపక్కల టీకా పడని పిల్లలెవరో వెతుకుతాం. బిడ్డ ఎగశ్వాస పడుతున్నా, పాలు నీళ్లు తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లగా మబ్బు కమ్మినట్టున్నా ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూడో నీళ్లు పోసేదాకా ఆగుదామని అనుకోవద్దు.

అపోహ: "చిన్నప్పుడే వచ్చిపోతే ఒంటికి మంచిది. మేమందరం పడి లేచినవాళ్లమే."

లేచినవాళ్లే ఈ మాట చెప్పగలరు. లేవనివాళ్ల గురించి చెప్పేవాళ్లు ఉండరు. 2023లో ప్రపంచవ్యాప్తంగా తట్టుతో సుమారు 1,07,500 మంది చనిపోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే.

తట్టు వచ్చి తగ్గాక ఒళ్లు గట్టిపడుతుందన్నది కూడా తిరగబడ్డ మాట. అంతకుముందు వేరే జబ్బులతో పోరాడి ఒంట్లో తయారైన రక్షణను కూడా ఈ వైరస్ చెరిపేస్తుంది. తట్టు తగ్గిన బిడ్డ నెలల తరబడి, కొన్నిసార్లు రెండు మూడేళ్ల దాకా దగ్గులు, విరేచనాలతో ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి అదే కారణం. వెయ్యి మందిలో దాదాపు ఒకరికి మెదడు వాపు వస్తుంది. చాలా అరుదుగా, తట్టు వచ్చిపోయిన ఏడు నుంచి పదేళ్లకు ఎస్ఎస్‌పీఈ అనే జబ్బు బయటపడుతుంది. బాగా చదివే పిల్లవాడు చదువులో వెనకబడతాడు, చేతిలో వస్తువులు జారవిడుస్తాడు, ఉలిక్కిపడినట్టు ఒళ్లు అదురుతుంది, చివరికి మంచాన పడతాడు. దాన్ని నయం చేసే మందు లేదు. రెండేళ్లలోపు తట్టు వచ్చిన పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ. ఈ జబ్బు గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మాట తడబడుతుంది.

అపోహ: "టీకా వేయిస్తే జరం వస్తాది. ఆ టీకాతోనే తట్టు వస్తాది."

మొదటి మాటలో నిజం ఉంది. తల్లులు కల్పించి చెప్పేది కాదు. 16 నెలలప్పుడు ఎంఆర్ రెండో డోసుతో పాటు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ కూడా అదే రోజు వేస్తాం. ఆ రాత్రి వచ్చే జ్వరం, తొడ వాపు డీపీటీ వల్ల. ఎంఆర్ వల్ల జ్వరం వస్తే అది 5 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, కొద్దిమందికే. వాళ్లలో కొందరికి పల్చటి దద్దు కూడా కనిపించి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, వారం తర్వాత దద్దు చూసిన ఇల్లు "టీకాతోనే తట్టు వచ్చింది" అనుకోవడం సహజం. అది తట్టు జబ్బు కాదు. టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను ఒళ్లు గుర్తుపడుతోందన్నమాట. బిడ్డ బరువును బట్టి పారాసిటమాల్ ఇచ్చి, పాలు, నీళ్లు ఎక్కువగా పడితే చాలు. మూడు రోజులు దాటినా తగ్గకపోతే చూపించండి.

"రాత్రంతా ఏడిస్తే పొద్దున పనికి పోయేదెట్ల అక్కా" అని అడిగే తల్లి బాధ నాకు తెలుసు. ఒక రోజు కూలి పోతే ఆ ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు. అందుకే మరుసటి రోజు పని లేని వారం చూసుకుని రమ్మంటాను. కానీ నెలల తరబడి దాటేయొద్దని బతిమాలతాను.

అపోహ: "జలుబు, కాస్త విరేచనాలు ఉన్నాయి. ఇప్పుడు వేయించకూడదు."

వేయించవచ్చు. బక్కగా ఉన్న బిడ్డకైతే ఇంకా తప్పనిసరి, ఎందుకంటే తట్టు వస్తే ఎక్కువ దెబ్బ తినేది ఆ బిడ్డే. జ్వరం బాగా ఎక్కువగా ఉండి ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుంటేనే ఆగుతాం. గతంలో ఇదే టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినా, రోగనిరోధక శక్తి బాగా తగ్గే జబ్బులూ చికిత్సలూ ఉన్నా డాక్టరు చెప్పాకే వేస్తాం.

అపోహ: "ఈ టీకాతో ఆటిజం వస్తుందట."

ఆటిజం అంటే బిడ్డ మాటలో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య. ఈ మాట పల్లెల్లో కంటే ఆదోని, కర్నూలు టౌన్లలో, బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చిన వాళ్ల దగ్గర ఎక్కువగా వింటాను. 1998లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతో ఇది మొదలైంది. అందులోని వివరాలు తారుమారు చేసినవని తేలింది. 2010లో దాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అతన్ని డాక్టర్ల రిజిస్టరు నుంచి తొలగించారు. 2019లో డెన్మార్క్‌లో 6.5 లక్షలకు పైగా పిల్లల వివరాలు చూస్తే, టీకా పడినవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడేది సాధారణంగా ఏడాదిన్నర వయసులో. రెండో డోసు వేసేదీ అప్పుడే. రెండూ ఒకే సమయంలో వచ్చేసరికి దీనివల్లే అది వచ్చిందనిపిస్తుంది. టీకా వేయించని చోట ఏమవుతుందో అమెరికా చూసింది. 2025లో టెక్సాస్‌లో తట్టు ప్రబలి, టీకా పడని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. అంత వైద్యం ఉన్న దేశంలోనే.

అపోహ: "రుబెల్లా టీకా పిల్లలు పుట్టకుండా చేయడానికి."

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఎంఆర్ వేసినప్పుడు వాట్సాప్‌లో ఇది బాగా తిరిగింది. అప్పుడు బడిలో సూది వేయించుకున్న అమ్మాయిల్లో చాలామంది ఇప్పుడు పెళ్లయి, చంకలో బిడ్డతో టీకాల రోజున మా దగ్గర కూర్చుంటున్నారు. అంతకంటే పెద్ద జవాబు నా దగ్గర లేదు. నిజానికి రుబెల్లా టీకా కాపాడేది రేపటి గర్భిణులను. తొలి నెలల్లో గర్భిణికి రుబెల్లా సోకితే కడుపు పోవచ్చు, లేదా బిడ్డ చెవుడుతో, కంటి శుక్లాలతో, గుండె లోపంతో పుట్టవచ్చు. అబ్బాయిలకు కూడా వేసేది, వాళ్ల నుంచి ఇంట్లో ఉన్న గర్భిణికి సోకకూడదని.

అపోహ: "ప్రైవేటులో వేసేదే అసలు మందు. ఇక్కడ ఉత్త నీళ్లు."

అక్కడ వేసే ఎంఎంఆర్‌లో గవదబిళ్లల మందు కూడా కలిసి ఉంటుంది, తేడా అంతే. తట్టుకు, రుబెల్లాకు రెండూ సమానమే. మా టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఊరిదాకా వస్తుంది. సీసా మీద చిన్న గుర్తు ఉంటుంది, వేడి తగిలి మందు చెడితే అది రంగు మారి చూపిస్తుంది. అడిగితే చూపిస్తాం, అడగండి. ఒక్కో బిడ్డకూ కొత్త సిరంజి, ఒకసారి వాడాక అది మళ్లీ పనిచేయదు. పొడిలో నీళ్లు కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. అందుకే పొద్దున్నే రమ్మంటాం. ఒక్క బిడ్డే వచ్చినా సీసా తెరవాల్సిందే. "పిల్లలు ఎక్కువమంది లేరు, వచ్చే వారం రా" అని మిమ్మల్ని ఎవరైనా పంపేస్తే వెనక్కి వెళ్లకండి, వేయమని అడగండి.

అపోహ: "వయసు దాటిపోయింది, ఇంక వేయరు."

ఐదేళ్లు నిండేదాకా వేస్తాం. అసలు ఒక్కటీ పడకపోతే వచ్చినరోజే ఒకటి, కనీసం నాలుగు వారాలు ఆగి రెండోది. రెండోది మాత్రమే మిగిలితే అదొక్కటే, మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు. ఊళ్లో తట్టు కేసులు బయటపడితే మాత్రం పైనుంచి చెప్పినట్టు పాత డోసులతో సంబంధం లేకుండా అదనంగా ఇంకొకటి వేయాల్సి రావచ్చు. 2022లో ముంబైలో తట్టు ప్రబలినప్పుడు అలాగే వేశారు. కార్డు పోయిందని సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మా రిజిస్టరులో, ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే టీకాల రిజిస్టరు యూ-విన్‌లో బిడ్డ పేరుతో వెతుకుతాం. అక్కడా తేలకపోతే పడలేదనే లెక్క వేసుకుని టీకా వేసి, కొత్త కార్డు రాసిస్తాం. ఒక డోసు ఎక్కువ పడినా బిడ్డకు హాని లేదు.